బాధితురాలి మాట లేని చోట నిరూపణ: ఇబ్రహీంపట్నం కేసు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

అత్యాచార నేర నిరూపణపై భారతదేశంలో 1970ల చివరి నుంచి సాగిన చర్చకు కేంద్రం ఒకే ప్రశ్న: బాధితురాలి మాటను న్యాయస్థానం ఎంతవరకు విశ్వసించాలి? ఆ మాట చెప్పడానికి ఆమె జీవించి లేనప్పుడు నిరూపణకు ఆధారమేమిటన్న ప్రశ్నను అప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంతో ముడిపడిన ఇబ్రహీంపట్నం కేసు ముందుకు తెచ్చింది.

చట్ట నేపథ్యం

1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో జరిగిన అత్యాచారంపై జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా 1981లో రాయచూరు సెషన్స్ కోర్టు నిందితులను విడుదల చేసింది. విచారణ సంఘం నిర్ధారణ వేరు, క్రిమినల్ కోర్టులో నిరూపణ వేరు అని దీనితో తేలింది. మథుర కేసులోనూ సుప్రీంకోర్టు, శరీరంపై గాయాలు లేకపోవడాన్ని ప్రతిఘటన లేకపోవడంగా పరిగణించి పోలీసులను విడిచిపెట్టింది. దేశవ్యాప్త నిరసనల ఫలితంగా 1983లో సాక్ష్య చట్టంలో 114-ఎ సెక్షన్ చేరింది. కస్టడీ అత్యాచారం వంటి కేసుల్లో లైంగిక చర్య రుజువై, తాను అంగీకరించలేదని బాధితురాలు కోర్టులో చెబితే, అంగీకారం లేదనే కోర్టు భావించాలని ఆ సెక్షన్ నిర్దేశించింది. అంటే ఈ రక్షణ ఆమె సాక్ష్యంపైనే నిలిచి ఉంది.

కేసు గమనం

విజయవాడ నుంచి నందిగామ, జగ్గయ్యపేటలకు వెళ్లే రహదారిపై ఇబ్రహీంపట్నం ఉంది. 2007 డిసెంబరు 27న అక్కడి మహిళా హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంత యువకుణ్ణి అరెస్టు చేశారు. అసలు దోషి అతడు కాడని మృతురాలి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు.

పోలీసుల ఎదుట చేసిన ఒప్పుకోలు అప్పటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం చెల్లేది కాదు. పరిస్థితుల సాక్ష్యం తెగని గొలుసులా ఉండి, నిందితుడి నేరం తప్ప మరో ఊహకు తావివ్వరాదని 1984 నాటి శరద్ బిర్దీచంద్ సర్దా తీర్పు నిర్దేశించింది. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతడికి శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి అతడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు.

సాక్ష్యాల భద్రత

2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఈలోగా విజయవాడ కోర్టులోని వస్తుసాక్ష్యాలు ధ్వంసమైనట్లు వెల్లడైంది. చివరకు 2019 డిసెంబరులో, మరణించిన పన్నెండేళ్లకు, తెనాలిలో సమాధిని తవ్వి మృతదేహానికి రెండోసారి పరీక్ష జరపవలసి వచ్చింది.

ముగింపు

1983 సవరణ బాధితురాలి మాటకు బలమిచ్చింది. మాట్లాడలేని బాధితురాలికి ఆ బలం అందదు. ఆమె పక్షాన నిలిచేవి నమూనాల సేకరణ, సీలు, భద్రత మాత్రమే. అవి విఫలమైతే నష్టపోయేది ఒక్కరు కాదు. ఈ కేసులో మృతురాలి కుటుంబానికి దోషి ఎవరో తెలియలేదు. నిర్దోషిగా తేలిన వ్యక్తికి గడచిన సంవత్సరాలు తిరిగి రాలేదు. సందేహాతీత నిరూపణ అనే ప్రమాణం బాధితురాలికి విరోధి కాదు. దర్యాప్తు ఆ ప్రమాణాన్ని అందుకోలేకపోవడమే ఇద్దరికీ న్యాయం దూరం చేసింది.