గుండ్లకమ్మలో దిగినోళ్ళు

బియ్యానికి మతం మార్చుకున్నోళ్ళని నిన్ను ఎవురన్నారు పాపా? బళ్ళోనా? అననీలే. ఆ మాటకు నాకంటే వయసెక్కువ. నన్నూ అన్నారు, మా నాయన్నూ అన్నారు. ఇట్ల మంట కాడికి జరుగు. ఈ మార్గళి చలికి నా మోకాళ్ళు ఎట్లాగూ నిద్రపోనీవు, కత మొత్తం చెప్తా.

మనం పుట్టుకతో కావేరిపట్టణం వోళ్ళం కాదు. కృష్ణగిరి డ్యాము కట్టేటప్పుడు మా నాయన ఒంగోలు దిక్కునుంచి మట్టిపనికి వచ్చినాడు. 1957లో డ్యాము అయిపోయింది, కూలీలు మూటలు కట్టుకోని పోయినారు, మా నాయన మాత్రం కదల్లేదు. ఏటిగడ్డన ఇంత చోటు, చుట్టూ తెలుగు మాట్లాడే ఇండ్లు, ఇంకేం కావాలన్నాడు. మా జేజికే మనసు నిలవలేదు. ఈ ఏరు దక్షిణ పెన్న, నెల్లూరు దాటి సముద్రంలో పడేది ఉత్తర పెన్న, రెండూ నందికొండల దిక్కునే పుట్టినాయని ఎవురో చెప్పినాక, అయితే పరాయి నీళ్ళు కాదులే అని కడవ ఎత్తుకునింది. ఈ కతంతా ఆ జేజి నోట విన్నదే. కొంత మాత్రం పుస్తకాల్లో చదివినా.

నెల్లూరులో 1840లో శామ్యూల్ డే అనే దొర అమెరికా బాప్తిస్టు మిషను పెట్టినాడు. ఏండ్లు గడిచినా కలిసినోళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే. ఆడ అమెరికాలో డబ్బు పంపేవోళ్ళకు విసుగొచ్చింది. 1853లో మూసేద్దామా అనుకున్నారు, మూయలేదు. అదే పంచాయితీ మళ్ళా లేచింది. అప్పుడు ఆ మిషనులో పనిచేసే జూయెట్ దొర ఒళ్ళు బాగలేక సొంతూరికి పోయి ఉండాడు. మీరు పంపకపోతే నేనొక్కణ్ణే పోతా, ఆ తెలుగోళ్ళ మధ్యనే చస్తా అన్నాడంట. అయితే నిన్ను పూడ్చేదానికైనా ఒక మనిషిని పంపాల గదా అని పెద్దలు దిగొచ్చినారంట. అట్ల 1865లో జూయెట్ వెంట వచ్చిన మనిషి జాన్ క్లౌ.

దానికి ముందు సంగతి ఒకటి ఉంది. 1854 జనవరి ఒకటో తేదీ తెల్లారకముందే ఒంగోలు పక్క కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపు దేవా అని అయిదుగురు మోకాళ్ళూనినారు. జూయెట్ దొర, ఆయన భార్య, నరుసు, జూలియా, రూతు. అంటే అయిదుగురిలో ముగ్గురు మనోళ్ళు. ఇప్పుడది ప్రార్థన కొండ. పేరు చెప్పేటప్పుడు జనం జూయెట్ దొరనే తలుస్తారు. నాకు జూలియా, రూతు ఎక్కువ గుర్తుంటారు. ఆ కాలంలో చీకట్లో, చలిలో కొండెక్కి, ఏం కనబడిందో వాళ్ళకు! అడిగిన మనిషి ఒంగోలుకు వచ్చేసరికి పన్నెండేండ్లు పట్టింది.

క్లౌ దొర వచ్చీరాంగానే మన మాదిగోళ్ళ దగ్గరికి పోలేదు, అదీ చెప్పాల. బడి పెడితే పెద్దకులాల పిల్లోళ్ళు వచ్చినారు. ఇంతలో యర్రగుంట్ల పెరయ్య వచ్చినాడు. తోళ్ళ బేరం చేసే మనిషి, మనోడే. యోగం నేర్పే గురువుల కాడ ఏండ్లపాటు తిరిగినాడు, మనసు కుదరలేదు. తోళ్ళకోసం ఏలూరు దిక్కుకు పోయినప్పుడు ఆడ ఏసు మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకోని, ఊరికి పోయి తనే చెప్పడం మొదలుపెట్టినాడు. ఒక్క దమ్మిడీ ఎవురూ ఇయ్యలేదు. కరువు ఇంకా పదేండ్ల దూరంలో ఉంది, గుర్తుపెట్టుకో.

మాదిగోళ్ళను చేర్చుకుంటే మా పిల్లోళ్ళను పంపమని పెద్దకులాలోళ్ళు దొరకు చెప్పేసినారు. ఆయనకు గుబులు పుట్టింది. ఒక గదిలో ఆయన, ఇంకో గదిలో దొరసాని, ఒకరికి తెలీకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందంట, దేవుడు నీచులనుకున్నోళ్ళనే ఏర్పరచుకున్నాడనే చోటు. ఇట్లాంటి కతలకు చెప్పేకొద్దీ కొంచెం ఉప్పుకారం చేరుతుంది. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. బడి ఖాళీ అయినా మనోళ్ళను పొమ్మనలేదు, అది మాత్రం నిజం. 1867 జనవరి ఒకటిన ఒంగోలులో సంఘం కట్టినప్పుడు ఎనిమిది మందే.

చేరేవోళ్ళకు మూడు కట్టుబాట్లు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినేదానికి చిన్నవే. అయితే ఊరికి డప్పు కొట్టేది మనం. జాతరలో డప్పు కొట్టమంటే నిలబడేది మొక్కు కాడనే గదా. కొట్టము అన్న దినమే ఊరంతా శత్రువయింది. బాయి కాడికి రానీలేదు, అంగట్లో సరుకు ఇయ్యలేదు, కరణం దొంగకేసు పెట్టించినాడు. అట్లా పదేండ్లు సాగింది.

అప్పుడొచ్చింది ధాత కరువు. 1876లో మొదలై 78 దాకా పీడించింది. మన కృష్ణగిరి, హోసూరు అప్పుడు సేలం జిల్లాలోనివే, ఈ జిల్లా కూడా ఘోరంగా చచ్చింది. ఈడి ముసలోళ్ళూ నా చిన్నప్పుడు ధాతు పంచం అనేవాళ్ళు. తమిళమైనా తెలుగైనా ఆ ఏడాది పేరు చెప్తే అందురూ గొంతు తగ్గించే మాట్లాడేవాళ్ళు.

సర్కారు కరువుపని కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తా ఉండింది. క్లౌ దొర వాళ్ళ దేశంలో సర్వేయరుగా చేసినోడు, మట్టిలెక్క తెలిసినోడు. ఆయన మూడు మైళ్ళకు పైన కాంట్రాక్టు తీసుకున్నాడు. మనోళ్ళు వేరే దొరల కింద పోతే మేస్త్రీలు కొట్టి, కూలిలో కోత పెట్టి చంపుతారని. పనిమీద అజమాయిషీకి తన బోధకులనే పెట్టినాడు. వేలమంది గుడిసెలేసుకోని ఆడే ఉన్నారు. మా జేజి నాయన అప్పుడు మీసం మొలవని పిల్లోడు. వాళ్ళ నాయన గడ్డపార వేస్తే, వాళ్ళమ్మ గంప నింపితే, ఈయన మోసి గట్టున పోసేవాడు. బొక్కలు లేచి, పొట్ట వెనక్కి పోయి, అయినా గంప దించలేదంట, దించితే ఆ పూట గింజలు లేవు. సాయంత్రం కూలి తీసుకున్నాక బోధకులు నేలమీదే కూచోని మాట్లాడేవాళ్ళు. కలరా వచ్చింది ఆ గుడిసెల్లో. మా జేజి నాయన చెల్లెలు ఆడే పోయింది. ఆ పాప పేరు మా ఇంట్లో ఎవురికీ గుర్తులేదు, అది నాకు ఇప్పటికీ బాధ.

ఇప్పుడు నీ బళ్ళో మాటకు వస్తా. ఆ కాలువ గట్టున జనం వందలుగా వచ్చి, మమ్మల్ని కలుపుకో అని అడిగినారు. దొర లేదన్నాడు. పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇయ్యలేదు. కడుపుకోసం వచ్చినారో మనసుతో వచ్చినారో తెలియాల అన్నాడు. మా ముత్తాతోళ్ళు అడిగి అడిగి వెనక్కి తిరిగినోళ్ళే. మా జేజి ఈ చోట ప్రతిసారీ కొంచెం కోపంగా చెప్పేది. చచ్చేటోళ్ళను పరీక్ష పెట్టేదానికి ఈయనెవురు అనేది. ఆ కోపంలో న్యాయముంది. ఆ పాపకు బాప్తిస్మం లేకుండానే మట్టి అయిపోయింది గదా.

కాలువ పని అయిపోయింది, వానలు పడినాయి. ఇంక నా దగ్గర మీకిచ్చేదానికేమీ లేదని దొర కబురంపినాడు. మాకేమీ వద్దు, కలుపుకుంటే చాలు అన్నారు జనం. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి కాడ చేరినారు. 1878 జూలై 3న, ఒక్క దినం, 2222 మంది. దొర నీళ్ళలో దిగనే లేదు. దిగింది మన బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు వంతులేసుకోని. పొద్దున ఆరుకు మొదలు, పదకొండుకు ఆపి, రెండుకు మళ్ళా మొదలు, అయిదుకు అయిపోయింది. మా ముత్తాత అమ్మానాయనలు, మా జేజి నాయన, ముగ్గురూ ఆ లెక్కలో ఉండారు.

వాళ్ళలో ఒక్కడు కూడా ఆశతో రాలేదని నేను ఒట్టు పెట్టను. కరువులో గంజి పోసినోడి దేవుడు మంచోడు అనుకోని వచ్చినోళ్ళుంటారు, అది తప్పని కూడా నేననను. కానీ బియ్యమిచ్చినన్నాళ్ళూ రానీలేదు, బియ్యం అయిపోయినాక రానిచ్చినారు. ఈ వరుస తిప్పి చెప్పేవాళ్ళకు లెక్క రాదు.

తడిబట్టలు ఆరకముందే కష్టం మొదలైంది. ఊరికి తిరిగొచ్చిన వారానికే డప్పుకు పిలుపు, పోలేదు. బాయి మూసినారు. వీళ్ళు ఏటి ఇసుకలో చెలమలు తీసుకోని తాగినారు. ఎండాకాలం చెలమ లోతుకు పోతా పోతా, ఆడోళ్ళు చిప్పతో నీళ్ళు తోడి కడవ నింపేదానికి సగం పొద్దు పట్టేది. అయినా డప్పు ముట్టలేదు. కడాకు రెడ్డి తోటలో నీళ్ళు తోడే కపిల బాన చినిగింది. తోలుబాన కుట్టే చేతులు ఊరంతా వెతికినా మావే. నీళ్ళు లేక మిరపతోట వాడుతుంటే, ఆ రెడ్డి మనిషి పల్లెకొచ్చి చెట్టుకింద నిలబడినాడు. బాన కుట్టినారు, బాయి తెరుచుకుంది. దేవుడు చేసినాడంటారు మావాళ్ళు, బాన చేసిందంటా నేను. రెండూ ఒకటేనేమోలే.

ఈడికొచ్చినాక మాకు వేరే రకం కష్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో హిందువులు కానోళ్ళకు ఎస్సీ జాబితాలో చోటు లేకుండా పోయింది. తర్వాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించినారు, మనకు లేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండంగా హాస్టలు సీటు కావాలంటే కాగితంలో మతం హిందువని రాయమన్నారు. చానామంది రాసినారు, ఆదివారం గుడిలో మన పక్కనే కూచుంటారు, వాళ్ళను నేనేమీ అనను. మా తమ్ముడూ తన పిల్లోళ్ళకు అట్లే రాయించినాడు. మా నాయన మాత్రం పెన్ను కింద పెట్టేసినాడు. నా చదువు ఎనిమిదితో నిలిచిపోయింది. పెండ్లయినాక ఒకసారి అడిగినా, ఒక్క మాట రాస్తే ఏం పోయేది నాయనా అని. కాలువగట్టున మా తాతోళ్ళు అన్ని నెలలు అడుక్కోని తెచ్చుకున్న పేరమ్మా, నేను ఒక్క గీతతో కొట్టేయలేను అన్నాడు. నాకా జవాబు అప్పుడు నచ్చలేదు. ఇప్పుడు సగం నచ్చుతుంది. మిగిలిన సగం, హాస్టల్లో చేరింటే నర్సు పని నేర్చుకునేదాన్ని అని ఇంకా అనిపిస్తానే ఉంది.