జపాను దేశపు కథాక్రీడ : డ్రాగన్ క్వెస్ట్

ఒక జాతి చరిత్రను వ్రాయువారు శాసనములను, కైఫీయతులను, కావ్యములను శ్రద్ధతో పరిశీలింతురు. ఆ జాతి పిల్లలు అరుగులపై ఆడుకొనిన ఆటలు మాత్రము వారి దృష్టికి అంతగా రావు. కాని ఆటయు భాషతో కలిసి నడచునదే. తెలుగువారు పులిజూదమని పిలుచు ఆటనే తమిళులు ఆడుపులి ఆట్టమనియు, కన్నడిగులు ఆడుహులి ఆటయనియు పిలుతురు. పులులు అవియే, మేకలు అవియే. పేరు మాత్రము ఏ ఇంట ఆడిన ఆ ఇంటి భాషలోనిది. ఆట ఎల్లలు దాటుట సులభము. దాటిన పిమ్మట అది ఏ భాష మాటలాడుననునదియే ప్రశ్న. తరతరములుగా ఇతర రాష్ట్రములలో నివసించుచున్న తెలుగువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

దీనికి జపాను దేశము 1986లో ఒక సమాధానము చెప్పెను. ఆ సంవత్సరము మే 27వ తేదీన ఎనిక్స్ అను సంస్థ ‘డ్రాగన్ క్వెస్ట్’ అను వీడియో క్రీడను వెలువరించెను. టెలివిజనుకు తగిలించి ఆడుకొనుటకై నింటెండో సంస్థ 1983లో విక్రయింప మొదలిడిన ఫ్యామికామ్ యంత్రము కొరకు అది నిర్మింపబడినది. పేరు ఇంగ్లీషుది, రూపము అమెరికానుండి వచ్చినది, అందలి మాటలు మాత్రము జపాను భాషవి. ఆ క్రీడయందలి కథను, వంతుల యుద్ధమును, ఆ రెండును స్వభాషాలిపిలో ఒదిగిన విధమును ఇచట పరిశీలింపవచ్చును.

వంతుల యుద్ధమనగా ఒకరు ఎత్తు వేయునంతవరకు రెండవవారు వేచియుండు యుద్ధము. సైన్యములను పలకపై నిలిపి వంతులుగా నడపిన క్రీడలలో భరతఖండపు చతురంగము ప్రాచీనమైనది. 7వ శతాబ్దివాడైన బాణభట్టు తన హర్షచరితమున దానిని పేర్కొనియున్నాడు. గజ, తురగ, రథ, పదాతులతో కూడిన ఆ క్రీడ పారసీకమునకును, అటనుండి అరబ్బుల దేశములకును, పిమ్మట ఐరోపాకును వ్యాపించెను. 1780లో జర్మను దేశపు బ్రన్స్‌విక్ నగరమున హెల్విగ్ అను ఉపాధ్యాయుడు చదరంగమును పెంచి, నేలల భేదము గల యుద్ధక్రీడనుగా మలచెను. 1824లో రైస్విట్జ్ అను ప్రష్యా సేనాధికారి పాచికలతో కూడిన యుద్ధక్రీడకు నియమములు ప్రకటించెను. అది సేనాధికారుల శిక్షణకు ఉపయోగపడినది. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడు యుద్ధక్రీడను గూర్చి పుస్తకము వ్రాసెను.

ఇంతవరకు పావులు సైన్యమునకు చిహ్నములే గాని వ్యక్తులు కావు. ఆ మార్పు 1974లో అమెరికాలో వచ్చినది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు రూపొందించిన ‘డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడలో ఆడువాడు సైన్యమును గాక ఒక్క వీరుని పాత్రను ధరించును. ఆ వీరునకు పేరు, బలము, ప్రాణాంకములు, అనుభవముచే పెరుగు స్థాయి కలవు. ఇదియే పాత్రధారణ క్రీడ యనబడినది. ఈ పద్ధతి పిమ్మట కంప్యూటరులోనికి వచ్చెను. 1981లో వెలువడిన ‘విజార్డ్రీ’లో యుద్ధము ఆజ్ఞలను ఎన్నుకొనుటచే నడచును, ‘అల్టిమా’లో పైనుండి చూచినట్లు దేశపటము కనబడును. రెండును ఇంగ్లీషు చదువగలిగి, కంప్యూటరు కొనగలిగినవారి క్రీడలు.

1983లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన ఒక కంప్యూటరు ప్రదర్శనకు వెళ్లిన యూజీ హోరీ, కోయిచీ నకమురా అను జపాను యువకులు అచట విజార్డ్రీని చూచిరి. హోరీ పత్రికలకు వ్రాయు రచయిత. నకమురా క్రీడలకు ప్రోగ్రాములు వ్రాయువాడు. ఎనిక్స్ నిర్వహించిన పోటీలో ఇరువురును బహుమతులు పొందినవారే. ఆ అమెరికా క్రీడలను సామాన్య గృహములలోని పిల్లలును ఆడగలుగునట్లు చేయవలెనని హోరీ తలచెను. పటమును అల్టిమానుండియు, యుద్ధమును విజార్డ్రీనుండియు గ్రహించి, కథను తాను వ్రాసెను. చిత్రములు అకిరా తొరియామా వ్రాసెను. సంగీతమును కోయిచీ సుగియామా కూర్చెను. ప్రోగ్రాము నకమురా స్థాపించిన చన్‌సాఫ్ట్ సంస్థలో తయారైనది.

కథ సరళమైనది. అలెఫ్‌గార్డ్ అను దేశమును పూర్వము రోటో అను వీరుడు చీకటి శక్తులనుండి కాపాడి, జ్యోతిర్గోళము నొకదానిని వదలిపోయెను. దాని ప్రభావముచే దేశము సుభిక్షముగా నుండెను. కాలాంతరమున ఘటసర్పరాజు ఆ గోళమును అపహరించెను. రాకుమారి లోరాయు శత్రువుల చేత చిక్కెను. రోటో వంశజుడైన యువకుడు రాదాతోము కోటలో రాజుముందు నిలిచియుండగా క్రీడ ప్రారంభమగును. వాని వద్ద కత్తియైనను లేదు. రాజు చూపిన పెట్టెలలో 120 బంగారు నాణెములు, ఒక కాగడా, ఒక తాళపుచెవి మాత్రమే కలవు. కోట వెడలినంతనే నీటికి ఆవల ఘటసర్పరాజు కోట కనబడును. దానిని చేరు దారి మాత్రము కనబడదు. ఊరూర జనులతో మాటలాడి, వారి మాటలలోని సూచనలను గ్రహించి, సూర్యశిలను, మేఘదండమును, రోటో ముద్రను సంపాదించి, ఇంద్రధనుస్సుతో వంతెన నిర్మించినగాని ఆ నీరు దాటరాదు. ఎదుట నున్నది చేరుటకు దేశమంతయు తిరుగవలసివచ్చుటయే ఈ కథ నిర్మాణము.

తుదకు ఘటసర్పరాజు యుద్ధమునకు పూర్వము ఒక బేరము పెట్టును: తన పక్షమున చేరినచో లోకములో సగము నిత్తునని. అంగీకరించినవానికి దక్కునది చీకటి. నిరాకరించి గెలిచిన వీరునకు రాజు తన సింహాసనము నిచ్చును. వీరుడు దానిని గ్రహింపక, తాను ఏలదగిన రాజ్యమును తానే వెదకుకొందునని బయలుదేరును. రాకుమారి చెరనుండి విడిపింపబడియున్నచో వానివెంట పోవును. ఈ రెండు ప్రశ్నలకు నడుమ కథ తన నీతిని చెప్పకయే చెప్పును.

యుద్ధము ఎల్లప్పుడును ఒకరితో ఒకరికే. శత్రువు ఎదురైనప్పుడు ఒక చిన్న గవాక్షములో నాలుగు మాటలు కనబడును: పోరాడుట, పారిపోవుట, మంత్రము, పనిముట్టు. ఆడువాడు ఒకదానిని ఎన్నుకొనువరకు శత్రువు కదలడు. దెబ్బ తగులు లెక్కయు స్పష్టమైనది. దాడిబలమునుండి ఎదిరి రక్షణబలములో సగము తీసివేయగా మిగిలిన దానిలో నాల్గవ వంతునకును సగమునకును నడుమ యంత్రము ఒక సంఖ్యను ఎన్నుకొనును. దాడిబలము 20, రక్షణబలము 8 అయినచో శేషము 16. దెబ్బ 4 మొదలు 8 వరకు. పులిజూదమున పాచిక లేదు, బుద్ధియే ప్రధానము. వైకుంఠపాళిలో పాచికయే ప్రధానము, బుద్ధికి పని లేదు. ఈ క్రీడలో రెండును కలసినవి. మంత్రములు పది. గాయము మాన్పునది, నిద్రపుచ్చునది, శత్రువు మంత్రమును కట్టివేయునది, కోటకు చేర్చునది మున్నగునవి వీరుని స్థాయి పెరుగుకొలదియు ఒక్కొక్కటిగా లభించును. స్థాయిలు ముప్పది. తొలిదశలో స్లైమ్ అను జిగురు ముద్దవంటి ప్రాణియే వీరునకు సమానమైన ప్రతిద్వంద్వి.

ఓడినవాని గతియు గమనింపదగినది. వీరుడు మరణించినచో తిరిగి రాజు సన్నిధిని లేచును. బంగారములో సగము పోవును. సంపాదించిన అనుభవము పోదు. ధనము నశించినను నేర్చినది నశింపదను ఈ నియమముచే, చేతివేగము లేనివాడును ఓపికతో ఆడినచో కథ ముగింపును చూడగలడు. హోరీ కోరినదియు ఇదియే.

ఈ క్రీడ యంతయు 64 కిలోబైట్ల చోటులో ఇమిడినది. ఒక ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చొప్పున లెక్కించినచో అది 65,536 అక్షరములు పట్టు స్థలము. చిత్రములు, సంగీతము, నియమములు, కథ అన్నియు అందులోనే. చోటు చాలక వీరుని ప్రక్కచూపు, వెనుకచూపు బొమ్మలు విడువబడినవి. ఏ దిక్కునకు నడచినను వాడు ముందుకే చూచుచుండును. అందుచే ఇతరులతో మాటలాడునపుడు ఏ దిక్కున నున్నవానితో అని ఆడువాడు చెప్పవలసివచ్చెను.

అక్షరములయందలి పొదుపు ఇంకను విశేషమైనది. జపానీయులు సామాన్యముగా హిరగన, కతకన అను రెండు అక్షరమాలలను, వానితోపాటు చీనానుండి వచ్చిన లిపిని వాడుదురు. కతకనలో 46 మూలాక్షరములు కలవు. డ్రాగన్ క్వెస్ట్‌లో చీనా లిపి పూర్తిగా విడువబడినది. కతకనలో 20 అక్షరములు మాత్రమే ఉంచబడినవి. రాక్షసుల పేర్లు, ఊళ్ల పేర్లు, మంత్రముల పేర్లు ఆ ఇరువది అక్షరములతోనే కూర్చవలసివచ్చెను. గాయము మాన్పు మంత్రమునకు హోయిమి యను పేరు అట్లు ఏర్పడినదే. ఆ భాషలో అంతకుముందు లేని ఆ మాట తరువాతి క్రీడలయందును నిలిచినది. అక్షరములు తక్కువయైనందున భాషను విడువలేదు. ఉన్న అక్షరములకు తగిన మాటలను పుట్టించిరి.

ఆటను మధ్యలో నిలిపి మరునాడు కొనసాగించుటకు యంత్రమున జ్ఞాపకము లేదు. అందుచే రాజు ఇరువది హిరగన అక్షరముల ‘పునర్జీవన మంత్రము’ నొకదానిని చెప్పును. ఆడువాడు దానిని కాగితముపై వ్రాసికొని, మరల ఆడునపుడు ఎక్కించవలెను. ఆ అక్షరములు 5, 7, 5, 3గా విభజింపబడినవి. మొదటి మూడును జపాను హైకూ పద్యము కొలతలే. ఒక్క అక్షరము తప్పు వ్రాసినను అంతవరకు చేసిన శ్రమ వ్యర్థమగును. ఈ విధముగా ఆట పిల్లలచేత స్వభాషాక్షరములను జాగ్రత్తగా వ్రాయించెను.

1989లో ఇదే క్రీడ ‘డ్రాగన్ వారియర్’ అను పేర అమెరికాకు వెళ్లెను. అచటి కూర్పున మాటలన్నియు ప్రాచీన కావ్యభాషను తలపించు ఇంగ్లీషులో వ్రాయబడెను. పునర్జీవన మంత్రమునకు బదులు బ్యాటరీతో జ్ఞాపకముంచు ఏర్పాటు చేయబడెను. ఇంగ్లీషులో పుట్టిన రూపము జపానీయమై, మరల ఇంగ్లీషు పలుకుతో తన దేశమునకు చేరెను. జపానులో 1987లో రెండవ భాగమును, 1988లో మూడవ భాగమును వెలువడినవి. 2021 జూలై 23న టోక్యో ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమున వివిధ దేశముల క్రీడాకారులు ప్రవేశించునపుడు మొదట వినిపించినది డ్రాగన్ క్వెస్ట్ సంగీతమే. పిల్లల ఆటగా మొదలైనది ముప్పదియైదేండ్లలో ఆ దేశము లోకమునకు చూపుకొను సంపదలలో ఒకటియైనది.

ఈ ఉదాహరణమును ఇతర రాష్ట్రములలోని తెలుగువారికి యథాతథముగ అన్వయించుట సరికాదు. జపానీయులకు తమ రాజ్యము, తమ పాఠశాలలు, తమ విపణి కలవు. ఇతర రాష్ట్రములలో అనేక తెలుగు కుటుంబములకు బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఇంట మాత్రము తెలుగు. గుణింతములు, వత్తులు గల తెలుగు లిపికి కావలసిన ఆకృతులు కతకనకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. 64 కిలోబైట్ల చోటున అది అంత తేలికగా ఇమిడెడిది కాదు. అయినను ఆ కొరత నేడు లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది.

అన్వయింపదగినది మరియొకటి కలదు. అది వంతు. వేగముతో ఆడవలసిన క్రీడలో చదువుటకు తీరిక ఉండదు. వంతుల క్రీడలో యంత్రము వేచియుండును. ఇంట తెలుగు మాటలాడుచు, చదువుట మాత్రము కూడబలుకుకొనుచు నేర్చు బాలునకు కావలసినది ఇదియే. వాడు ‘పోరాడు’ అను మాటను ఎంతసేపు చదివినను శత్రువు వానిని కొట్టడు. తప్పు చదివి ఓడినను నేర్చినది పోదు. కథ ముందుకు సాగవలెనన్న ఊరివారి మాటలు చదువక తప్పదు. తల్లిదండ్రులు బలవంతము చేసినను చదువని బాలుడు, ఘటసర్పము కోటకు దారి తెలియుటకై చదువును.

అట్టి క్రీడకు మొదట కావలసినది యంత్రము గాదు, కథ. హోరీ మొదట రచయిత. అతని బలము కథ చెప్పుటలోనిదే. తెలుగు సంఘములున్న ప్రతి ప్రాంతమునను వలస వచ్చిన నాటి కథలు, గ్రామదేవతల కథలు, వీరుల కథలు వృద్ధుల నోట నిలిచియుండును. వానిని ఆ ప్రాంతపు తెలుగు పలుకుబడితోనే వ్రాసియుంచుట సంఘములు చేయదగిన పని. అవి వ్రాతలో ఉన్నచో రేపటి యువకులు వానిని నాటకముగనో, పుస్తకముగనో, వంతుల క్రీడగనో మలచుకొందురు. వ్రాతలో లేనిచో వారు మలచుకొనుటకు ఇతరుల కథలే మిగులును.