గుర్రాన్ని కట్టేసిన ప్రమీల

చిన్నప్పుడు మా సామర్లకోటలో శివరాత్రి జాగారానికి 'ప్రమీలార్జునీయం' (1965) చూశాను. ఇప్పటి ఫాంటసీ నవలల్లో శత్రువులు ప్రేమికులవుతుంటే ఆ సినిమానే గుర్తొస్తోంది.

సంస్కృత జైమినీయ అశ్వమేధపర్వంలోని ఈ కథని 15వ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు 'జైమినిభారతం'గా తెలుగు చేశాడు. స్త్రీరాజ్యపు రాణి ప్రమీల అర్జునుడి యాగాశ్వాన్ని కట్టేస్తుంది, తనని పెళ్ళాడమంటుంది. అతను కాదంటాడు. బాణాలు నడుస్తాయి. ఆమె తగ్గదు. ఆకాశవాణి చెబితేగానీ అతను ఒప్పుకోడు.

ఇందులో మనల్ని లాగేది తగవు కాదు. ప్రేమకి ముందే ఎదుటి మనిషి సత్తా తేలిపోవడం. కానీ ఆ తర్వాత? ప్రమీల తన రాజ్యం వదిలి హస్తినకి బయల్దేరుతుంది. అర్జునుడు గుర్రం వెంట సాగిపోతాడు.

కత్తి దించింది ఇద్దరా, ఒక్కరేనా? ఇలాంటి కథల్లో నేనిప్పుడు ముందు చూసేది అదే.