పత్తి పెంచిన ఊరు మాంచెస్టర్

మాంచెస్టర్ చూడదలచినవాళ్లు క్యాసిల్‌ఫీల్డ్ కాలవ గట్టు నుంచి మొదలుపెట్టాలి. రోమన్ల కోట ఆనవాళ్లు అక్కడే ఉన్నా, ఈ ఊరి దశ తిరిగింది 1761లో మొదలైన బ్రిడ్జ్‌వాటర్ కాలవతోనే. వర్స్‌లీ గనుల బొగ్గు పడవల మీద రావడంతో దాని ధర దాదాపు సగానికి పడింది. ఆవిరి యంత్రాలకు మేత దొరికింది. లివర్‌పూల్ రేవులో పత్తి దిగింది. 1830 నుంచి అక్కడికి రైలు కూడా నడిచింది. ఆనాటి స్టేషన్ ఇప్పుడు మ్యూజియంలో భాగం.

మన మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టల మీద ఇంగ్లండుకు ఒకప్పుడు ఎంత మోజంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లను కాపాడటానికి 1721లో చట్టం చేసి వాటి వాడకాన్ని నిషేధించారు. వందేళ్లు తిరిగేసరికి మిల్లు బట్ట మన సంతల్లోకొచ్చి మన నేతగాళ్ల నోట మట్టి కొట్టింది. యాంకోట్స్‌లో 1798లో మొదలైన ముర్రే మిల్లుల ఎర్ర ఇటుక గోడలు చూస్తుంటే నాకు ఆ మగ్గాలే గుర్తొస్తాయి.

అయితే ఆ గోడల మధ్య పనిచేసినవాళ్లూ సుఖపడలేదు. ఇంత పెద్ద ఊరికి 1832 దాకా పార్లమెంటులో సొంత సభ్యుడే లేడు. ఓటు హక్కు అడగడానికి 1819 ఆగస్టు 16న సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో సుమారు 60,000 మంది చేరితే, గుర్రపు దళం కత్తులు దూసి మీద పడింది. పిల్లలతో వచ్చిన తల్లులున్న సభ అది. పీటర్లూ అని పేరుపడిన ఆ మారణకాండ స్మారకం మెట్ల మీద మృతుల పేర్లు చదవకుండా ఊరు చూశామనుకోకూడదు.

మిల్లులకు వచ్చే పత్తిలో ఎక్కువ భాగం అమెరికాలో బానిసలు ఏరినదే. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలయ్యాక పత్తి ఆగింది, పొయ్యిలో పిల్లి లేవలేదు. అయినా 1862 డిసెంబరు 31న ఇక్కడి కార్మికులు సభ పెట్టి బానిసత్వ నిర్మూలనకు మద్దతు పలికారు. అమెరికా అధ్యక్షుడు లింకన్ జవాబు రాశాడు. లింకన్ స్క్వేర్‌లో ఆయన విగ్రహం ఉన్నది అందుకే.

చివరగా రాయల్ ఎక్స్ఛేంజ్. నూలు, బట్టల బేరాలతో కిక్కిరిసిన ఆ మహా హాలులో 1968లో వ్యాపారం ఆగిపోయింది. ఆఖరి రోజు ధరల అంకెలు గోడమీది పట్టికలో అలాగే ఉన్నాయి. 1976లో అక్కడే నాటకశాల వెలిసింది. దాని బరువు నేల మోయలేదని చుట్టూ ఉన్న భారీ స్తంభాలకు వేలాడదీశారు. నాటకానికి టికెట్టు లేకపోయినా పగటిపూట లోపలికెళ్లి ఆ పట్టిక చూడొచ్చు.