వందమంది రాని దీవి

2023 మే 27, శనివారం పొద్దున. తమిళనాడులోని కంబంలో ఒక మిద్దె మీద పిట్టగోడ పట్టుకుని వంగి చూస్తున్నారు మీరు. పక్క మిద్దెల మీదా జనమే. కింద వీధిలో మాత్రం పురుగు లేదు. ఎవరో గట్టిగా అరిచారు. సందు మలుపులోంచి ఏనుగు బయటపడింది. మెడకు రేడియో కాలర్. పరుగూ కాదు, నడకా కాదు, విసురుగా పోతోంది. అడ్డొచ్చిన ఆటో ఒకటి నలిగింది. ఫోన్లన్నీ ఒకేసారి పైకి లేచాయి.

దాని పేరు అరికొంబన్. ఇడుక్కి జిల్లా చిన్నకనాల్ దగ్గర ఇళ్లూ రేషన్ షాపులూ పగలగొట్టి బియ్యం తింటోందని ఏప్రిల్ 29న కేరళ అటవీశాఖ మత్తు సూదులు వేసి పట్టి, పెరియార్ అభయారణ్యంలో వదిలింది. నెల తిరక్కుండానే అది కొండ దిగి కంబం చేరింది. కాసేపటికే ఊళ్లో 144 సెక్షన్ పెట్టారు. ఇంట్లోంచి బయటికి రావద్దని మైకుల్లో తమిళంలో చెబుతూ పోతున్నారు. ఏనుగు తగిలి గాయపడిన ఒక పెద్దాయన తర్వాత ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు.

మిద్దె దిగి నడిమింట్లోకి రండి. ఇది తెలుగిల్లు. తేని జిల్లాలో ఇలాంటివి చాలా ఉన్నాయి. నాయక్కర్ల కాలంలో వచ్చిన కుటుంబాలు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, తెలుగు అక్షరం మాత్రం ఎవరికీ రాదు. బావా బామ్మర్దులిద్దరు చాప మీద బోర్లా పడుకుని ఉన్నారు. పెద్దవాడు ఏలక్కాయ తోటలకు కూలీలను ఎక్కించుకుని కంబంమెట్టు ఘాట్ ఎక్కే జీపు నడుపుతాడు. చిన్నవాడు పన్నీరు ద్రాక్ష పందిళ్లలో పని. ఇవాళ జీపూ లేదు, పందిరీ లేదు.

"బావా, అప్‌డేట్ అవతా ఉండాది చూడు!"

పది నెలలుగా నోరెత్తని ఆట అది. బీజీఎంఐ, పేరు మార్చుకున్న పబ్‌జీ. కిందటేడు జూలై 28న ప్రభుత్వం చెప్పడంతో స్టోర్ల నుంచి మాయమైంది. ఇప్పుడు మూడు నెలల పరీక్ష మీద తిరిగి వస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ శనివారం నుంచే దిగుతుంది, ఆడటం సోమవారం నుంచి. ఊళ్లోకి ఏనుగు వచ్చిన రోజే ఫోన్లోకి పబ్‌జీ రావడం ఎవరూ కల్పించింది కాదు, క్యాలెండర్ అలా కలిసింది.

అవ్వ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఊర్లో ఏనుగు తిరగతా ఉండాది, మీరు ఆ పెట్టిలో తుపాకి కాల్చేదానికి కూచోండారా? మీ నాయన రానీ, చెప్తాను."

సోమవారం. ఏనుగు ఊరు వదిలి సురుళి వైపు అడవి అంచు పట్టిందని కబురు. చిన్నవాడి ఫోన్ మీదికి వంగండి. ముందు ఓ హెచ్చరిక వస్తుంది: ఇది నిజ ప్రపంచం కాదు, ఉత్తుత్తి ఆట అని. 18 ఏళ్ల లోపువాళ్లకు రోజుకు మూడు గంటలు, మిగతావాళ్లకు ఆరు. ఇదంతా వాడు చదవడు. బొటనవేలు దానంతటదే 'స్టార్ట్' దగ్గరికి పోయింది.

విమానం. కింద ఎరాంగెల్ దీవి, ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. నడుమ పొచింకి ఊరు, దక్షిణాన వంతెనల అవతల మిలిటరీ బేస్. ఈ దీవిలో ఏ ఇంటి మేడ మీద తుపాకి దొరుకుతుందో, ఏ కిటికీ దూకితే ఏ గోడ చాటు వస్తుందో వాడికి కంఠతా వచ్చు.

"యాడ దిగేది బావా?"

"పొచింకి వద్దురా, జనం జాస్తి. స్కూలు కాడ దిగు."

దూకారు. చెవుల్లో గాలి హోరు, గొడుగు విప్పుకున్న చప్పుడు, పెంకుటిల్లు దగ్గరవుతోంది. తలుపు తోస్తే నేల మీద ఎం416. తూటాలు ఏరుకుంటూ కిటికీలోంచి చూస్తే ఒకడు ఎదురుగా వస్తున్నాడు. చెట్టు చాటుకు పోడు, పడుకోడు, నేరుగా వచ్చి నిలబడి గాల్లోకి నాలుగు తూటాలు కాల్చాడు. చిన్నవాడు ఒక్క దెబ్బతో పడగొట్టాడు. మొహంలో సంతోషం లేదు.

"బాట్ రా వీడు."

ఇంకొకడు. వాడూ బాటే. అంటే మనిషి కాదు, ఖాళీ నింపడానికి కంపెనీ దింపిన కీలుబొమ్మ. నలుగురి స్క్వాడ్‌లో మిగతా ఇద్దరెవరో తెలియదు. ఒకడి మైకు ఆగిపోయి ఉంది, ఇంకొకడు హిందీలో ఏదో గొణిగి ఆటలోంచి వెళ్లిపోయాడు. వీళ్ల పాత నలుగురిలో ఒకడిప్పుడు తిరుప్పూరు బనియన్ కంపెనీలో షిఫ్టు చేస్తున్నాడు. ఇంకొకడికి పెళ్లయింది. "రారా" అని మెసేజ్ పెడితే రాత్రి పదికి బొటనవేలి బొమ్మ ఒకటి పంపాడు.

పాత నలుగురిని చూడాలంటే మిమ్మల్ని మూడేళ్లు వెనక్కి తీసుకుపోవాలి.

2020. కరోనా. కుమిళి చెక్‌పోస్టు మూశారు. ఈ-పాస్ లేనిదే కొండ ఎక్కనివ్వరు, ఏలక్కాయ కూలీలకు నెలల తరబడి పని లేదు. బడులు లేవు. ఆన్‌లైన్ క్లాసుకని నగ తాకట్టు పెట్టి కొన్న ఫోన్‌లో పగలు లెక్కలు, రాత్రి పబ్‌జీ. మొబైల్ ఆట వచ్చింది 2018 మార్చిలో. జియో డేటా చవకైన ఏడాదిన్నరకు వచ్చింది కాబట్టే కంబం సందుల దాకా పాకింది. ఒక రాత్రి గుంటూరు కుర్రాడొకడు తెలియని జట్టుగా కలిశాడు. తెలుగు విని వీళ్లు తెలుగులో పలికితే, "మీది చిత్తూరా బ్రో?" అన్నాడు. "కంబం" అంటే ప్రకాశం జిల్లా కంభం అనుకున్నాడు. అర్ధరాత్రి దాకా కాల్చుకుంటూ మాట్లాడుకున్నారు. అంతకుముందు ఆంధ్రా మనిషితో వీళ్లు అంతసేపు మాట్లాడింది లేదు. నాకు ఈ ఆట మీద పెద్ద గౌరవం లేదు గానీ, ఆ రాత్రి లెక్కలోంచి తీసేయలేను.

చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ ఉంది. అయినా అప్పటికే ఫోన్‌లో దించుకున్నవాళ్లకు ఆట నడుస్తూనే ఉంది. అక్టోబర్ 30, శుక్రవారం, సర్వర్లూ ఆపేశారు. కూడబెట్టిన యూసీ నాణేలు, రాయల్ పాస్ బట్టలు, తుపాకులకు వేసిన రంగులు, అన్నీ ఆ పూటతో అందకుండా పోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు నెత్తురు ఆకుపచ్చగా చిమ్మింది, 'కిల్' అన్నచోట 'ఫినిష్' అని రాశారు. ఇలాంటిదే ఇంకో ఆట ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరి 14న నిషేధించారు. మూసి, తెరిచి, మళ్లీ మూసేసరికి గుంపు చెదిరింది.

అయితే నిషేధం లేని దేశాల్లోనూ ఈ తరహా ఆటలు చచ్చాయి. జపాన్‌లో 2000లో వచ్చిన 'బ్యాటిల్ రాయల్' సినిమా చూసి ఊహ తెచ్చుకున్న ఐర్లండ్ వాడు బ్రెండన్ గ్రీన్, పబ్‌జీ చేయడానికి ముందు హెచ్1జెడ్1 అనే ఆటకు సలహాదారు. 2017లో స్టీమ్‌లో ఒకేసారి లక్షన్నర మంది ఆడిన ఆట అది. ఏడాది తిరిగేసరికి దాదాపు ఖాళీ. 'రాడికల్ హైట్స్' 2018 ఏప్రిల్‌లో వస్తే, మే నెలలో దాన్ని చేసిన స్టూడియోకే తాళం పడింది. అదే ఏడాది జూలైలో వచ్చిన 'కల్లింగ్ 2'ది మరీ విడ్డూరం: విడుదలైన రెండు రోజులకు స్టీమ్ లెక్కల్లో ఒకే ఒక్క ఆటగాడు కనిపించాడు. ఎవణ్ని చంపాలి పాపం! పది రోజుల లోపే వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిచ్చారు. ఒక్క ఆటలో 300 మందిని దింపిన 'రూల్స్ ఆఫ్ సర్వైవల్' 2022 జూన్ 27న ఆగింది. యూబీసాఫ్ట్ 'హైపర్ స్కేప్' రెండేళ్లు నిండలేదు. 'ఏపెక్స్ లెజెండ్స్ మొబైల్' 2022లో ఆపిల్ చేత ఐఫోన్‌లో ఆ ఏటి మేటి ఆట అనిపించుకుంది. మరుసటి మే 1న, అంటే కంబంలోకి ఏనుగు రావడానికి దాదాపు నాలుగు వారాల ముందు, మూతపడింది. లోపల పెట్టిన డబ్బుకు వాపసు లేదు.

జబ్బు ఆట కట్టుబాటులోనే ఉంది. ఇద్దరుంటే దాయం వేయొచ్చు. దీనికి ఒకేసారి వందమంది కావాలి, అదీ నిమిషంలోపు, దాదాపు ఒకే స్థాయివాళ్లు. జనం తగ్గితే నిరీక్షణ పెరుగుతుంది. నిరీక్షించలేక ఇంకొందరు పోతారు. ఖాళీని బాట్లతో నింపితే, గెలుపు చప్పబడి మిగిలినవాళ్లూ పోతారు. అసలే ఉచితంగా ఇచ్చిన ఆట, బట్టలూ రంగులూ అమ్ముకునే బతుకుతుంది. కొనేవాళ్లు తగ్గిన రోజున సర్వర్ ఖర్చు కళ్లబడుతుంది.

చాప మీది ఫోన్లలో ఆట వలయం, జోన్, మూసుకొస్తోంది. చివరి పదిమందిలో ఏడుగురు బాట్లని పెద్దవాడి అంచనా. 'విన్నర్ విన్నర్ చికెన్ డిన్నర్' తెర మీద మెరిసింది. ఒకప్పుడు ఈ అక్షరాలు పడితే సందు చివరిదాకా కేకలు వినిపించేవి. పెద్దవాడు ఫోన్ ఛార్జర్‌కు తగిలించి, జీపు తీయొచ్చా అని స్టాండుకు ఫోన్ చేస్తున్నాడు.

ఇలా ఆటలు ఆపేయడాన్ని అందరూ ఊరికే చూస్తూ కూచోలేదు. ఫ్రాన్స్ కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లు ఆపేస్తే, కొనుక్కున్నవాళ్లు ఊరుకోలేదు. 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అని ఉద్యమం కట్టి, 2025 నాటికి ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలు పోగేశారు. వాళ్లడిగేది చిన్న కోరిక. ఆపేయదలుచుకుంటే ఆపండి, ఆటగాళ్లు సొంతంగా నడుపుకునే దారి ఒకటి వదిలి ఆపండి అని. మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేలను ఆపింది, మంచిదే. రాయల్ పాస్‌కు పైకం తీసుకుని దీవిని చెరిపేసే కంపెనీ గురించి కూడా అందులో ఒక సెక్షన్ ఉండాలి. మీ ఇంట్లో యూసీ కొన్న పిల్లవాడుంటే, ఈ మాట మీ ఎంపీకి రాయండి.