దారిలో తగ్గి మళ్ళీ వచ్చే బలం

ఇంజిన్ ఒక్కసారిగా పాడైపోతే కారణం కనుక్కోవడం అంత కష్టం కాదు. విరిగిన భాగమో, తెగిన తీగయో కంటికి కనబడుతుంది. చక్కగా నడుస్తున్న కారు కొంతదూరం పోయి బలం తగ్గి, కాసేపు నీడను నిలిపితే ఏమీ ఎరుగనట్లు మళ్ళీ పరుగెత్తితే అసలు చిక్కు అప్పుడు వస్తుంది. మూత ఎత్తి చూచేసరికి దోషం మాయమై ఉంటుంది. ఈ చిక్కును విప్పే పద్ధతికి ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో బోధన్ చెరకు పొలాలకు కూడా కొంత చోటు ఉన్నది.

1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు, బ్యాటరీ ఇగ్నిషన్ అమెరికాలో కాడిలాక్ కార్లకు అమర్చబడినవి. గట్టు ఎక్కేటప్పుడు ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడు వస్తున్నదనీ, బలం తగ్గుతున్నదనీ ఫిర్యాదులు వచ్చినప్పుడు నింద బ్యాటరీ ఇగ్నిషన్ మీద పడింది. కొత్తగా వచ్చినదే దోషి అనుకోవడం లోకసహజం కదా! 1916 నుండి కెటరింగ్ వద్ద పనిచేసిన థామస్ మిడ్గ్లీ సిలిండరులోని పీడనాన్ని చూపే పరికరం అమర్చి పరిశీలించాడు. నిప్పురవ్వ సమయానికే పడుతున్నది. ఆ తరువాత, ఇంకా మండకుండా మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమనడం వల్ల ఆ చప్పుడు పుడుతున్నది. అంటే తప్పు ఇగ్నిషన్‌ది కాదు, ఇంధనానిది. 1921 డిసెంబరులో అతడు కనుగొన్న మందు టెట్రాఇథైల్ లెడ్. అది విషమని తెలిసి కూడా ప్రపంచం దానిని దశాబ్దాల తరబడి వాడింది. మన దేశంలో సీసపు పెట్రోలు 2000లో నిలిచిపోయింది. ఈ చప్పుడును అణచే శక్తి ఆల్కహాలుకు కూడా ఉన్నదని ఆనాటి పరిశోధకులు ఎరుగుదురు.

ఇక బోధన్ సంగతి. మంజీరా నదిపై 1923 – 1931 మధ్య కట్టిన నిజాంసాగర్ నీటితో ఈ ప్రాంతంలో చెరకు సాగు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. చక్కెర తీయగా మిగిలే మడ్డిని పులియబెట్టి, బట్టీ పట్టి, మోటారు ఇంధనంలో కలపదగిన పవర్ ఆల్కహాలు తయారుచేసే పని దానికి అనుబంధంగా సాగింది. 1948లో పవర్ ఆల్కహాలుకై దేశమంతటికీ ఒక చట్టమే వచ్చింది.

ఇక్కడ రసాయనశాస్త్రం ఒక అడ్డుగోడ కట్టింది. మామూలు బట్టీలో ఎంత స్వేదనం చేసినా ఆల్కహాలు బరువులో సుమారు 95.6 శాతం దాటదు. మిగిలిన నీరు దానితోబాటే ఆవిరి అవుతుంది. బెంజీన్ చేర్చి స్వేదనం చేస్తే ఆ నీరు వదలిపోతుందని సిడ్నీ యంగ్ 1902లో చూపాడు. మోటారుకు ఈ నిర్జల ఆల్కహాలే కావాలి. ఏలననగా, పెట్రోలులో కలిసిన ఆల్కహాలు నీటిని పీల్చుకొంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఆ రెండూ కలిసి పెట్రోలును వదలి ట్యాంకు అడుగుకు దిగుతాయి. చల్లని రాత్రి ఈ విభజన మరింత సులభం. పంపు గొట్టం అడుగునుండే లాగుతుంది గనుక ఇంజిన్‌కు ముందుగా అందేది ఈ నీళ్ళ పొరయే. పైగా ఆల్కహాలు పాత ట్యాంకులోని జిగురునూ, మురికినీ వదలగొట్టి కార్బురేటరు జెట్లలోకి తోస్తుంది.

ఆల్కహాలు మీద పడే నిందలన్నీ సమానంగా న్యాయమైనవి కావు. ఒక లీటరు ఆల్కహాలులోని శక్తి లీటరు పెట్రోలులోని దానిలో మూడింట రెండు వంతులే. నూటికి ఇరవై పాళ్ళు కలిపితే మిశ్రమంలోని శక్తి సుమారు 7 శాతం తగ్గుతుంది. కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావలసి ఉండగా ఆల్కహాలుకు 9 కిలోలే చాలును గనుక, పాత జెట్టు మార్చకపోతే ఇంధనం పాలు కొరవడుతుంది కూడా. అయితే ఈ నష్టం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది. వచ్చి పోయే దోషానికి కారణం వచ్చి పోయేదే కావలెను.

1945 – 49 మధ్య తయారైన ఎం.జి. టి.సి. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసుకొందాము. దాని విద్యుత్ పంపు ఇంజిన్ వెనుక పలకమీద, వేడి పక్కనే ఉంటుంది. వెనుకనున్న ట్యాంకునుండి పెట్రోలును పీల్చి తేవలెను. పీల్చేటప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది; పీడనం తగ్గితే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. నిజామాబాదు మే నెల ఎండలో గొట్టంలోనే ఆవిరి బుడగలు పుట్టి పెట్రోలు ఆగిపోతుంది. చల్లారగానే బుడగలు మాయం!

నిప్పురవ్వ వైపున కండెన్సరు కూడా ఇదే నాటకం ఆడుతుంది. వేడెక్కితే దాని నిరోధకపు పొర చెడి రవ్వ పలచబడుతుంది, చల్లారితే కుదుటపడుతుంది. రెండింటినీ విడదీయాలంటే కారు ఆగిన క్షణంలోనే చూడవలెను. రవ్వ నీలంగా బలంగా ఉంటే ఇగ్నిషన్ నిర్దోషి. అప్పుడు కార్బురేటరు తొట్టి మూత తీయాలి. తొట్టి ఖాళీగా ఉండి పంపు ఆగకుండా టిక్కుటిక్కుమంటుంటే అది పెట్రోలుకు బదులు గాలినో ఆవిరినో లాగుతున్నది. పంపు మౌనంగా ఉండి, మెల్లగా తట్టగానే మొదలైతే లోపలి స్పర్శబిందువులు కాలినవి. అన్నిటికంటె ముందు ట్యాంకు మూత విప్పి చూడడం మంచిది. దాని గాలిరంధ్రం పూడుకొంటే ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోయి కారు కోలుకొంటుంది. కానీ ఖర్చు లేని ఈ పరీక్షను మరచి వందల రూపాయల సామాను మార్చినవారు ఎందరో!

బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది. కాని ఆల్కహాలు వెనుకకు పోలేదు. 2025 నాటికి దేశంలో పెట్రోలుతో దాని మిశ్రమం 20 శాతానికి చేరింది. పాత కార్ల యజమానులు రబ్బరు గొట్టాలు, వాషర్లు మార్చుకోవలసి వస్తున్నది. ఇంధనంలో ఆల్కహాలు ఉన్నదో లేదో తెలుసుకొనే పరీక్షను ఉపాధ్యాయుడు మంటకు దూరంగా, ఆరుబయట తానే చేసి చూపవచ్చును. కొలజాడీలో 100 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీరు పోసి, కలిపి, కదల్చకుండా ఉంచవలెను. అడుగు పొర పది గీత దగ్గరే నిలిస్తే ఆల్కహాలు లేదు. ఆ గీతకు చాలా పైకి ఎక్కితే, ఎక్కినంతమేరా పెట్రోలును వదలి నీటిలోకి దిగిన ఆల్కహాలే.