అమ్మమ్మ, ఇనుము, మతిమరుపు

రక్తహీనతకి డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు ఉక్కునగరంలో మా అమ్మమ్మ మానేసింది. "ఇనుము మెదడులో చేరితే మతిమరుపట కదరా!" అంది. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఉద్యమం చేసిన విశాఖలో ఇనుమంటే భయమా అని నవ్వొచ్చింది. కానీ ఆవిడ మాటలో కొంత నిజముంది.

అల్జీమర్స్ మెదళ్ళలో ఇనుము పేరుకోవడం గురించి 1953లోనే గుడ్‌మన్ రాశాడు. 1991లో కెనడాలో, అల్యూమినియాన్ని తీయడానికిచ్చిన మందొకటి జబ్బుని నెమ్మదింపజేసినట్టు కనిపించింది. ఆ మందు ఇనుమునీ పట్టేస్తుంది. ఇంకేం, ఆశలు మొదలు! తీరా 2024లో వెలువడ్డ ఫలితాల్లో, డెఫెరిప్రోన్ మెదడులో ఇనుముని తగ్గించింది గానీ రోగుల మతి ఇంకా త్వరగా క్షీణించింది. డోపమైన్ తయారవ్వాలన్నా ఇనుము కావాలి మరి.

లాగ్‌లో కనబడ్డ ప్రతి లైనూ బగ్ కాదని మనకి తెలియనిదా? మాత్రలు మానొద్దని చెప్పా.

"మర్చిపోతే ఫోన్ చేసి గుర్తుచెయ్యి" అంది అమ్మమ్మ.